గుణకారానికి ముందు తీసివేత



మన సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో గాని, పక్కనున్న అర్వపల్లి, నాగారం, తుంగతుర్తిలో గాని ఎవరింటి పిల్లవాడైనా పరదేశం పోయాడంటే పలకరింపు ఒక వరసలో నడుస్తుంది. ఏ దేశం పోయిండు? జీతమెంత? మన పైసల్ల ఎంతయితది? మూడో ప్రశ్న దగ్గర ఎవరో ఒకరు ఫోన్ తీసి గుణించి చెబుతారు. ఆ అంకె విని కొందరు సంబరపడతారు. మరి కొందరు తమ కొడుకును కూడా పంపాలని అప్పుడే మనసులో ఖాయం చేసుకుంటారు. ఆ గుణకారంలో తప్పేమీ లేదు, చేసే చోటే తప్పు. మనం జీతాన్ని గుణిస్తున్నాం. గుణించాల్సింది మిగులును. ఈ ఒక్క మాట విడమరచి చెప్పడానికే ఈ కాసేపు.

రెండు దేశాల ఖర్చులు పోల్చి చూడడం మనకు విమానాలతో పాటు వచ్చిన విద్యేమీ కాదు. మన తాతల కాలంలో రెండో దేశం కోదాడ అవతలే ఉండేది. మన ఊళ్ళు అప్పుడున్న నల్లగొండ జిల్లా నిజాం రాజ్యంలో ఉంటే, కోదాడ దాటి జగ్గయ్యపేట చేరితే ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లా. ఇక్కడ చెల్లేది హాలీ సిక్కా, అక్కడ చెల్లేది కల్దారు రూపాయి. నడుమ కరోడ్‌గిరి వాళ్ళ సుంకం. 1950లో ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయలని మారకం ఖాయమైంది. 1959 దాకా హాలీ సిక్కా చెలామణిలో ఉంది. సరిహద్దు మీద బండి కట్టుకుని తిరిగే బేరగాడు అటు ధర ఎంత పలికిందో విని ఊరుకునేవాడు కాదు. సుంకం తీసేసి, బండి కిరాయి తీసేసి, మారకంలో పోయే వట్టం తీసేసి, ఆ తర్వాత చేతికి ఏం మిగులుతుందో చూసుకునేవాడు. ఆయన తీసివేతతో మొదలుపెట్టిన లెక్కనే మనం ఇప్పుడు గుణకారంతో మొదలుపెడుతున్నాం.

గల్ఫ్ సంగతికే వస్తే, ఒకప్పుడు అక్కడ చెల్లింది మన రూపాయే. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా నోట్లు అచ్చు వేయించింది. కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో తమ సొంత నాణెం తెచ్చుకున్నాయి. 1966 జూన్‌లో మన ప్రభుత్వం డాలరుకు 4 రూపాయల 76 పైసలున్న రేటును 7 రూపాయల 50 పైసలు చేసేసరికి ఖతార్, దుబాయ్ వంటివి కూడా మన నోటును వదిలేశాయి. ఒమన్ మాత్రం 1970 వరకు వాడింది. ఎమిరేట్స్ దిర్హమ్ 1973లో పుట్టింది. 1997 నుంచి అది డాలరుకు 3.6725 దగ్గర కదలకుండా ఉంది. సౌదీ రియాల్ కూడా 1986 నుంచి డాలరుకు 3.75 దగ్గరే నిలిచింది. అంటే దుబాయ్‌లోనైనా సౌదీలోనైనా జీతం ఏ పేరుతో తీసుకున్నా అది డాలరు జీతమే.

ఇది గుర్తుంచుకుంటే ఒక భ్రమ తొలగిపోతుంది. డాలరు 2022లో 80 రూపాయలు దాటింది, 2025 డిసెంబరులో 90 దాటింది. ఇంటికి వచ్చే రూపాయలు పెరిగాయి కాబట్టి కొడుకు జీతం పెరిగిందని ఇంట్లో అనుకుంటారు. అతని జీతం చిల్లిగవ్వ పెరగలేదు. తగ్గింది మన రూపాయి విలువ. రూపాయి తగ్గితే పెట్రోలు, వంటనూనె, బంగారం ధరల మీద కూడా దాని ఒత్తిడి పడుతుంది. పెరిగి వచ్చిన రూపాయల్లో కొంత ఆ దారినే పోతుంది.

ఇక అసలు విషయం. మారకం రేటు చెప్పేది ఒక నోటుకు బదులు ఎన్ని నోట్లు వస్తాయన్న సంగతి ఒక్కటే. ఆ నోటుతో ఆ ఊళ్ళో ఏం కొనగలమో అది చెప్పదు. ఆ రెండో సంగతి కొలవడానికి 1968లో ఐక్యరాజ్యసమితి గణాంక విభాగం, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి ఒక పని మొదలుపెట్టాయి. ఇప్పుడది ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో నడుస్తోంది. బియ్యం, బట్టలు, ఇంటి కిరాయి, డాక్టరు ఫీజు, బస్సు చార్జీ ఇలా ఒకే రకం సరుకులూ సేవలూ ఏ దేశంలో ఎంతకు దొరుకుతున్నాయో చూసి లెక్క కడతారు. 2017 లెక్క ప్రకారం అమెరికాలో ఒక డాలరుకు వచ్చేది మన దేశంలో 20 రూపాయల 65 పైసలకు వస్తుంది. అదే ఏడు బ్యాంకులో డాలరు సగటు ధర 65 రూపాయల 12 పైసలు. తేడా మూడింతలు దాటింది.

ఎందుకింత తేడా? ఓడలోనో విమానంలోనో ఎక్కించి పంపగలిగిన సరుకు ధర ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. బంగారం అలాంటిది, సెల్‌ఫోన్ అలాంటిది. ఎక్కించి పంపలేనివి కొన్ని ఉంటాయి. ఇల్లు, డాక్టరు చెయ్యి, పిల్లల్ని చూసుకునే ఆయా, కటింగ్ షాపులో కత్తెర పని అలాంటివి. తిరుమలగిరి బస్టాండు దగ్గర కటింగ్ చేసే మనిషి చేతిలో ఉన్న కత్తెరే డాలస్‌లో కటింగ్ చేసే మనిషి చేతిలోనూ ఉంటుంది. ఇద్దరికీ పట్టే సమయం కూడా ఒకటే. అయినా డాలస్ మనిషికి ఎక్కువ ముడుతుంది. ఆ ఊళ్ళో మిగతా పనుల్లో జీతాలు ఎక్కువ కాబట్టి, అతనికి అంత ఇవ్వకపోతే అతను కత్తెర కింద పెట్టి మరో పనికి పోతాడు. ఈ సంగతిని బలాసా, శామ్యూల్సన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1964లో విడివిడిగా వివరించారు. జీతాలు ఎక్కువున్న దేశంలో మనిషి చెయ్యి పడే ప్రతి పనీ ప్రియమే.

ఈ లెక్క ఎవరికి పనికొస్తుంది? కుటుంబంతో సహా అమెరికా వెళ్ళి, అక్కడే సంపాదించి, అక్కడే తిని, అక్కడే కిరాయి కట్టేవాళ్ళకు పనికొస్తుంది. ఏడాదికి లక్ష డాలర్ల జీతమంటే మనవాళ్ళు 90 లక్షలని గుణిస్తారు. ఆ కుటుంబం అక్కడ బతికే బతుకు ఇక్కడ 20 లక్షల జీతంతో బతికే బతుకుకు దగ్గరగా ఉంటుంది. అది దేశం మొత్తానికి సగటు, 2017 నాటి లెక్క. హైదరాబాదులో కిరాయిలు ఆ సగటు కంటే ఎక్కువ కాబట్టి 25 అనుకోండి, 30 అనుకోండి. 90 మాత్రం కాదు.

అక్కడ ఇంకో తీసివేత ఉంది, పెళ్ళిచూపుల్లో అబ్బాయి జీతం చెప్పేటప్పుడు దాని ప్రస్తావనే రాదు. జీతంలోంచి ఆదాయపు పన్ను కాక, సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం, మెడికేర్ అనే వైద్య బీమా కింద 1.45 శాతం కోస్తారు. సోషల్ సెక్యూరిటీ అంటే ముసలితనంలో వచ్చే పింఛను. అది రావాలంటే మామూలుగా 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ళ ఉద్యోగం నిండాలి. కొన్ని దేశాలతో అమెరికాకు ఒప్పందం ఉంది, ఆ దేశంలో పనిచేసిన ఏళ్ళూ అమెరికాలో పనిచేసిన ఏళ్ళూ కలిపి లెక్కిస్తారు. మన దేశంతో అటువంటి ఒప్పందం లేదు. ఏడెనిమిదేళ్ళు పనిచేసి తిరిగి వచ్చినవాడు కట్టిన డబ్బుకు పింఛను లేదు.

చదువుకోవడానికి పోయే పిల్లల సంగతి వేరు. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట ఇళ్ళల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపించేది ఈ మాటే. ఖర్చుల చీటీ రాసేటప్పుడు తండ్రులు చివర ఒక వరస రాస్తారు, "పార్ట్‌టైమ్ చేసుకుంటడు" అని. అమెరికా విద్యార్థి వీసా మీద కాలేజీ ఆవరణలో, చదువు నడిచే రోజుల్లో, వారానికి 20 గంటలకు మించి పని చేయరాదు. అమెరికా కేంద్ర ప్రభుత్వం పెట్టిన కనీస వేతనం గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. 2009 జులై నుంచి అది మారలేదు. మన పిల్లలు ఎక్కువగా చేరే టెక్సాస్‌లో కూడా అదే కనీస వేతనం. 20ని 7.25తో గుణిస్తే వారానికి 145 డాలర్లు. అది తిండికి, గదిలో తన వాటా కిరాయికి ఆసరా అవుతుంది. ఫీజు దాంతో తీరుతుందని రాసుకుంటే ఆ చీటీ రెండో సెమిస్టరుకే చిరిగిపోతుంది. పైగా ఫీజు డాలర్లలో ఉంటుంది, తండ్రి తెచ్చే అప్పు రూపాయల్లో ఉంటుంది. మొదటి ఏడు 84 రూపాయల లెక్కన కట్టిన ఫీజు రెండో ఏడు 90 లెక్కన కట్టాల్సి రావచ్చు. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలకు అర్హతను బట్టి రాష్ట్ర ప్రభుత్వం 20 లక్షల దాకా ఇచ్చే విదేశీ విద్యానిధి ఉంది. అప్పు కోసం గుమ్మాలు తొక్కేముందు దాని సంగతి కనుక్కోండి.

ఇప్పుడు గల్ఫ్. ఈ వలసకు పేరు పడ్డవి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్. అయినా మన జిల్లా నుంచి పోయేవాళ్ళు లేకపోలేదు. గల్ఫ్ కార్మికుడికి అమెరికా లెక్క పనికిరాదు. అతను సంపాదించేది ఒక దేశంలో, అతని ఇల్లు గడిచేది మరో దేశంలో. పొయ్యి రెండు చోట్ల మండుతుంది. క్యాంపులో అతని మెస్సు ఒకటి, ఇక్కడ భార్యాపిల్లల వంట ఒకటి. అక్కడ ఖర్చు ఎంత బిగపడితే ఇక్కడ అంత మిగులు. అందుకే ఎనిమిది మంది ఒక గదిలో పడుకుంటారు. ఖుబూస్ రొట్టెతో పూట గడుపుతారు.

పెన్నూ కాయితం దగ్గరుంటే తీసుకోండి, ఒక లెక్క వేద్దాం. ఈ అంకెలు లెక్క తీరు చూపడానికి నేను వేసుకున్నవి. వాటి స్థానంలో మీ ఇంటి అంకెలు పెట్టుకోండి.

దుబాయ్‌లో కంపెనీ ఉండడానికి క్యాంపు ఇస్తుంది. జీతం 1,200 దిర్హమ్‌లు. దిర్హమ్ 24 రూపాయలనుకుందాం. గుణిస్తే 28,800. ఊళ్ళో అందరి నోటా నానేది ఈ అంకే. ఇప్పుడు తీసివేత. మెస్సుకు 350. ఫోన్ రీచార్జికి 50. సబ్బు, మందుబిళ్ళ, కటింగు, డబ్బు పంపినప్పుడు ఎక్స్‌చేంజి వాడి రుసుము అన్నీ కలిపి 100. మొత్తం 500 పోతే 700 మిగిలింది. దీన్ని గుణించండి. 16,800.

అతనే ఊళ్ళో ఉండి మేస్త్రీ పని చేస్తే రోజుకు 700 కూలి, నెలకు 22 రోజులు పని దొరికిందనుకుందాం. 15,400. అందులో తన తిండికీ చేతి ఖర్చుకూ 3,000 తీసేస్తే 12,400 మిగులు. అక్కడ 16,800, ఇక్కడ 12,400. దుబాయ్‌లో నెలకు 4,400 ఎక్కువ. రెండేళ్ళ కాంట్రాక్టులో అక్కడి మిగులు 4 లక్షల 3 వేలు. ఇక్కడి మిగులు 2 లక్షల 97 వేలు. లక్ష పైచిలుకు లాభం. బాగానే ఉంది కదా.

ఆగండి, వీసా ఎట్లా వచ్చింది? ఏజెంటుకు 1 లక్షా 20 వేలు ఇచ్చాడనుకుందాం. అది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు. మొదటి నెల వడ్డీయే 3,600. ఇంటికి ఒక్క పైసా పంపకుండా మిగులంతా అప్పుకే కట్టినా తీరేసరికి ఎనిమిది నెలలు దాటుతుంది. అసలూ వడ్డీ కలిసి 1 లక్షా 37 వేలు పోతాయి. రెండేళ్ళు తిరిగేసరికి అతని చేతిలో మిగిలేది 2 లక్షల 66 వేలు. ఊళ్ళో మేస్త్రీ పని చేసినవాడు అతనికన్నా 30 వేలు ముందున్నాడు, పెళ్ళాం పిల్లల దగ్గరున్నాడు.

ఇదే మనిషి ప్రభుత్వ అనుమతి ఉన్న ఏజెంటు ద్వారా పోతే? చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోదగ్గ రుసుము 30 వేలకు మించకూడదు. దాని మీద జీఎస్టీ కలిపితే 35,400. అదే వడ్డీకి తెచ్చినా మూడు నెలల్లో తీరిపోతుంది. రెండేళ్ళకు 3 లక్షల 66 వేలు మిగులుతాయి. ఇప్పుడు పోయినవాడు ముందున్నాడు, దాదాపు 70 వేలు. రెండు లెక్కల్లోనూ దుబాయ్ మెస్సు ధర మారలేదు, దిర్హమ్ రేటు మారలేదు, జీతం మారలేదు. మారింది ఇక్కడ తెచ్చిన అప్పు ఒక్కటే. పరదేశం ఖర్చుల్లో అన్నిటికన్నా పెద్దది పరదేశంలో లేదు. విమానం ఎక్కకముందే మన ఊళ్ళో, ప్రామిసరీ నోటు మీద ఉంది.

ఊళ్ళో పని ఏడాది పొడవునా అట్లా దొరుకుతుందా అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 22 రోజులకు బదులు 15 రోజులే దొరికితే ఇక్కడి మిగులు నెలకు 7,500, రెండేళ్ళకు 1 లక్షా 80 వేలు. అప్పుడు లక్షా 20 వేల అప్పు చేసి పోయినవాడు కూడా ముందుంటాడు. కాబట్టి పోవాలా వద్దా అన్నది తేల్చేవి రెండే. ఊళ్ళో ఏడాదికి ఎన్ని రోజులు పని దొరుకుతోంది, పోవడానికి ఎంత అప్పు అవుతోంది.

జీతంలో చిన్న కోత మిగులులో పెద్ద కోత అవుతుందన్నది కూడా గుర్తుపెట్టుకోండి. 1,200 అని చెప్పి అక్కడికి పోయాక 900 అన్నారనుకోండి. జీతం తగ్గింది నాలుగో వంతే. మెస్సు ఖర్చు తగ్గదు కదా. మిగులు 700 నుంచి 400కు పడింది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ ఉద్యోగాలకు తాను సూచించే కనీస వేతనాలను తగ్గించింది. ఎమిరేట్స్‌తో సహా కొన్ని దేశాలకు దాన్ని నెలకు 200 డాలర్లు చేసింది. కార్మిక సంఘాలు అభ్యంతరం చెప్పాయి, తెలంగాణ హైకోర్టులో కేసు పడింది. 2021లో ప్రభుత్వం ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకుంది. బయటివాళ్ళకు అది కాగితం మీద అంకె. క్యాంపులో ఉన్నవాడికి ఇంటికి పంపే డబ్బు మొత్తం అందులోనే ఉంది.

సౌదీకి కుటుంబాన్ని తీసుకుపోదామనుకునే చిన్న ఉద్యోగులకు మరో మాట. అక్కడ 2017 జులైలో విదేశీయుల భార్యాపిల్లల మీద తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము పెట్టారు. ఏటా వంద చొప్పున పెంచి 2020కి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలుంటే నెలకు 1,200 రియాళ్ళు, ఏడాదికి 14,400. అదే 2020 జులైలో సరుకుల మీద పన్ను 5 శాతం నుంచి 15 శాతానికి పెంచారు. కిరాయి ఎంత, కోడిమాంసం ఎంత అని అడిగి తెలుసుకుంటే ఈ రుసుము బయటపడదు. ఆ రోజుల్లో ఎన్నో కుటుంబాలు పిల్లల టీసీలు తీసుకుని తిరిగి వచ్చేశాయి.

ఇక్కడి పొయ్యి సంగతి కూడా చూడాలి. 2025 మార్చి 30న మన జిల్లా హుజూర్‌నగర్‌లోనే రేషన్ దుకాణాల ద్వారా సన్నబియ్యం పంపిణీ మొదలైంది. తలకు నెలకు ఆరు కిలోలు, ఉచితంగా. ఆ జులై 14న తిరుమలగిరిలో కొత్త రేషన్ కార్డుల పంపిణీ మొదలుపెట్టారు. ఆర్టీసీ మామూలు బస్సుల్లో ఆడవాళ్ళకు చార్జీ లేదు, అర్హులకు 200 యూనిట్ల దాకా కరెంటు బిల్లు లేదు. ఇవన్నీ ఇక్కడి ఇంటి ఖర్చును తగ్గించేవే. ఇవేవీ మారకం రేటులో కనబడవు. అయితే కొడుకు పోయినా ఉన్నా ఇల్లాలికి ఇవి వచ్చేవే. కాబట్టి వీటిని పోవడం వల్ల వచ్చిన లాభంలో కలుపుకోకండి.

2023-24 సంవత్సరానికి రిజర్వు బ్యాంకు జరిపిన సర్వేలో విదేశాల నుంచి మన దేశానికి వచ్చిన డబ్బులో అమెరికా వాటా 27.7 శాతం, ఎమిరేట్స్ వాటా 19.2 శాతం. అందుకునే రాష్ట్రాల్లో మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తర్వాత 8.1 శాతంతో తెలంగాణ నాలుగోది. పోవద్దని చెప్పడానికి నేనెవరిని? పోయినవాళ్ళ మిగులుతో లేచిన ఇళ్ళు, తవ్విన బోర్లు, జరిగిన పెళ్ళిళ్ళు మన కళ్ళ ముందున్నాయి. లెక్క వేసుకుని పొమ్మంటున్నాను.

పోయేముందు అడగాల్సినవి చెబుతాను. జీతం బేసిక్ ఎంత, ఓవర్‌టైమ్ కలిపి ఎంత, వేరువేరుగా అడగండి. తిండి కంపెనీదా మనదా అడగండి. గది, వైద్యం, అఖామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి) రెన్యువల్, రానూపోనూ టికెట్ ఎవరు పెట్టుకుంటారో కాంట్రాక్టులో రాసి ఉందో లేదో చూడండి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చదువుకున్న పిల్లలతో చూపించుకోండి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలు చూపిస్తుంది, అక్కడ కనుక్కోండి. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తుంది. వాళ్ళు గల్ఫ్‌కు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాలి. ప్రవాసీ భారతీయ బీమా కూడా తప్పనిసరి. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 10 లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పోయి పని చూసుకుందామంటే ఈ అనుమతీ ఉండదు, ఈ బీమా కూడా ఉండదు. దొరికిపోతే కల్లివెల్లి, అంటే అనుమతి లేకుండా ఉన్న కూలీ, అన్న పేరు మిగులుతుంది.

ఏ ఇంట్లోనైనా పరదేశం మాట వచ్చినప్పుడు ఒక పని చేయండి. ఆ దేశం డబ్బులోనే జీతం రాయండి. ఆ దేశంలో అయ్యే ఖర్చు ఆ దేశం డబ్బులోనే తీసేయండి. మిగిలిన దాన్ని రూపాయల్లోకి మార్చండి. అందులోంచి అప్పు వాయిదా తీసేయండి. చివరికి వచ్చిన అంకెను ఊళ్ళో ఉంటే మిగిలే దానితో పోల్చి చూడండి. ఈ లెక్క పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టకముందే వేయండి, వడ్డీ వ్యాపారి దగ్గరికి పోకముందే వేయండి. పోయేవాడు ఒక్కడే కూర్చుని కాకుండా, ఇంటి ఖర్చు తెలిసిన ఇల్లాలిని పక్కన కూర్చోబెట్టుకుని వేయండి.